తోటకూర నాటి నింద

ఉరికంబం ఎక్కబోతున్న దొంగ ఆఖరి కోరికగా తల్లిని చూడాలంటాడు. రహస్యం చెబుతాను రమ్మని పిలిచి ఆమె చెవి కొరికేస్తాడు. చిన్నప్పుడు పక్కింటి పెరట్లోంచి తోటకూర దొంగిలించి తెచ్చిన రోజునే ఎందుకు తప్పని చెప్పలేదని నిలదీస్తాడు. 'తోటకూర నాడే చెప్పకపోయావా' అనే మాటని తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు కొన్ని అనుమానాలు వస్తాయి. ఆ పూట ఆ ఇంట్లో వండుకోవడానికి కూర ఎందుకు లేదు? వాడి తండ్రి ఎక్కడున్నాడు? ఆ తోటకూర వండితే తిన్నవాళ్ళెవరు, అడుగంటిన గిన్నె గీక్కున్నదెవరు? కథ చెప్పేవాళ్ళకి ఇవేవీ పట్టవు. తల్లి చెవి తెగితే వాళ్ళకి కథ పూర్తయిపోయినట్టే.

కాలం మారింది. ఇప్పుడు పిల్లలు తోటకూర దొంగిలించడం లేదు, పెడితే తినడం లేదు. దొంగిలించినా తల్లిదే తప్పు, తినకపోయినా తల్లిదే తప్పు.

దినపత్రికల స్త్రీల పేజీలు, టీవీ డాక్టర్ల కార్యక్రమాలు, పిల్లల ఆసుపత్రి గోడల మీది బొమ్మలు, ప్లేస్కూళ్ళ సర్క్యులర్లు అన్నీ పదే పదే ఒక ప్రశ్న వేస్తున్నాయి. మూడేళ్ళ పిల్ల కూరగాయలు తినకపోతే ఏం చెయ్యాలి? ప్రశ్న పిల్ల గురించి, జవాబు మాత్రం తల్లికి. 'అమ్మలూ, కాస్త ఓపిక పట్టండి' అని మొదలవుతుంది. క్యారెట్‌ని పువ్వులా కొయ్యండి. పాలకూర మెత్తగా రుబ్బి చపాతీ పిండిలో కలిపెయ్యండి. బీట్‌రూట్ తురిమి దోసెలో దాచెయ్యండి. కీరదోస ముక్కలతో పళ్ళెంలో కళ్ళూ ముక్కూ దిద్దండి. తెల్లారి నాలుగున్నరకి లేచిన మనిషి మరో ముప్పావుగంట ముందు లేవాలన్నమాట. 'నాన్నలూ' అని మొదలయ్యే శీర్షిక నేనింతవరకూ చూడలేదు.

పైగా ఈ చిట్కాల్లో చాలా భాగం వేరే దేశపు పళ్ళేనికి రాసినవి. అక్కడ మాంసం ఒక పక్క, ఉడికించిన కూరగాయ ఒక పక్క విడివిడిగా వుంటాయి. పిల్లవాడు ఒక పక్క వదిలేస్తే ఇట్టే తెలిసిపోతుంది. మన భాషలో బుట్టలో వున్నదీ కూరే, వండాక గిన్నెలో వున్నదీ కూరే. తెలంగాణలో చాలా ఇళ్ళల్లో మాంసమూ కూరే. మన తోటకూర పప్పులో కలిసిపోతుంది, సొరకాయ పులుసులో మెత్తబడిపోతుంది, బీరకాయ చెక్కు కూడా పచ్చడవుతుంది. అన్నంలో కలిపి ముద్ద చేసి పెట్టే తిండిలో ఎవరు ఎంత కూరగాయ తిన్నారన్న లెక్క వేరేగా వెయ్యాలి. అదేమీ ఆలోచించకుండా బ్రకోలీ మొహమే చూడని ఊళ్ళకి బ్రకోలీ చిట్కాలు పంపుతున్నారు.

మా అమ్మాయి వెళ్ళిన ప్లేస్కూల్లో శుక్రవారం 'గ్రీన్ డే'. ఆ రోజు డబ్బాలో ఆకుపచ్చ కూర వుండి తీరాలి. పిల్ల తినకుండా మిగిలిస్తే డైరీలో ఎర్ర సిరాతో 'మమ్మీ, ప్లీజ్ టేక్ కేర్' అని రాసి పంపేవారు. పిల్లని దింపేదీ తీసుకొచ్చేదీ ఎక్కువ రోజులు వాళ్ళ నాన్న. ఫీజు కట్టే చోట సంతకమూ ఆయనదే. డైరీ మాత్రం మమ్మీతోనే మాట్లాడేది. గోరుచిక్కుడుకాయ మిగిలిపోతే ఆ తక్కువ మార్కు నా ఖాతాలో పడేది. విమల 'వంటిల్లు' కవిత చదువుకుని పెరిగిన నా తరం ఆడవాళ్ళు కూడా పిల్ల డబ్బా దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోవడం నేను చూస్తూనే వున్నాను. వంటింటి మీద వ్యాసాలు రాసినవాళ్ళం, డబ్బా మూత తియ్యడానికి జంకుతాం.

అదే సర్క్యులర్‌లో ఇంకో వాక్యం కూడా వుండేది. గుడ్డు, మాంసం డబ్బాలో పంపకూడదు. 'కూరగాయ మంచిది' అన్న మాట ఎక్కడ ఆగుతుందో, 'శాకాహారం గొప్పది' అన్న మాట ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం కష్టం. ఒకటి పోషకాహారం గురించి, రెండోది కులం గురించి. రెండింటినీ ఒకే ఆకుపచ్చ కాగితం మీద అచ్చువేసి పంపితే, ఇంట్లో గుడ్డు ఇష్టంగా తినే పిల్ల బళ్ళో తన తిండిని చూసి సిగ్గుపడటం నేర్చుకుంటుంది. పసిపిల్లలకి గుడ్డూ కావాలి, ఆకుకూరా కావాలి.

అయితే పిల్లలు కూరగాయలు తినక్కర్లేదా అని అడుగుతారు. తినాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత వుంది. దీన్ని తేలిక చెయ్యడం నా ఉద్దేశం కాదు. నా పేచీ ఆ తినిపించే భారం ఎవరి నెత్తిన పెడుతున్నారన్న దాని మీద. ఆ పేచీ పడటానికి ముందు, తినిపించడం గురించి పరిశోధకులు నిజంగా ఏం చెప్పారో చూడాలి. స్త్రీల పేజీ దాన్ని సగమే చెబుతుంది.

రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూస్తారు. చేదునైతే మరీను. అప్పుడే నడక వచ్చిన పిల్ల కనబడ్డ ప్రతి ఆకునీ నోట్లో పెట్టుకుంటే ప్రమాదం కనక ప్రకృతి ఇచ్చిన జంకు ఇది అని ఒక వివరణ. లండన్‌లో లూసీ కుక్, మరికొందరు కవల పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జంకు విషయంలో పిల్లకీ పిల్లకీ వుండే తేడాలో 78 శాతం పుట్టుకతో వచ్చేదేనని అంచనా వేశారు. అంటే 'నీ పెంపకం వల్లే' అన్న మాటకి అక్కడే చాలావరకు కాళ్ళు విరిగిపోయాయి. అమెరికాలో ఏమీ గాలొవే, లియాన్ బర్చ్ మొదలైనవాళ్ళు 2006లో ఇంకొకటి చూపించారు. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకి గుమ్మడి, మొక్కజొన్న సూపులు ఇచ్చి, ఒక సూపు విషయంలో 'తాగెయ్యి, తాగెయ్యి' అని వెంటపడ్డారు, రెండోదాన్ని వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. వెంటపడని సూపే పిల్లలు ఎక్కువ తాగారు. వెంటపడ్డ సూపుని ఈసడించుకున్నారు. ఇది తాగితే అది ఇస్తానని లంచం పెడితే, ఆ తాగాల్సినదాని మీద ఇష్టం తగ్గుతుందని బర్చ్ 1984లోనే రాసింది. (స్టిక్కర్ల లాంటి చిన్న బహుమతులు పనికొస్తాయని చెప్పే అధ్యయనాలూ తర్వాత వచ్చాయి. కాబట్టి ఆ సంగతి అటుంచుదాం.) అందరూ ఒప్పుకునేది ఒకటి వుంది. కొత్త కూరని బలవంతం లేకుండా, మళ్ళీ మళ్ళీ, ఎనిమిది నుంచి పదిహేను సార్లు కొంచెం కొంచెంగా ముందు పెట్టాలి. పక్కన పెద్దవాళ్ళు అదే కూర తింటూ కనపడాలి.

పిల్ల నోరు పిల్లదే అన్నది మనకేమీ కొత్త ఆలోచన కాదు. పిల్లల మీద పెద్దల పెత్తనాన్ని ప్రశ్నిస్తూ చలం 'బిడ్డల శిక్షణ' రాసి దశాబ్దాలు గడిచిపోయాయి. మనం మాత్రం ముక్కు మూసి, దవడలు నొక్కి, బూచాడిని పిలిచి, ఇప్పుడైతే సెల్‌ఫోన్‌లో బొమ్మలు పెట్టి, పిల్ల చూడకుండా ముద్ద నోట్లోకి తోసేస్తూనే వున్నాం. తల్లి మీద ఎంత ఒత్తిడి పెడితే ఆమె చెయ్యి పిల్ల దవడ మీద అంత గట్టిగా బిగుస్తుంది. 'పిల్ల చిక్కిపోయిందే' అన్న అత్తగారి మాట, డాక్టరు బరువు కాగితం మీద పెట్టిన గీత, డైరీలో ఎర్ర సిరా, ఇవన్నీ కలిసే ఆ ముద్దని లోపలికి తోస్తాయి. బలవంతం వల్ల పిల్ల కూరకి దూరమవుతుందని శాస్త్రం తేల్చింది కదా. మరి ఆ బలవంతానికి మొదలు ఎక్కడుందో చెప్పే అధ్యయనం ఎవరు చేస్తారు?

ఇక ఆ పదిహేను సార్ల సంగతి. పరిశోధన పత్రంలో అది ఒక అంకె. ఇంట్లో అది పదిహేను సార్లు కొనడం, కడగడం, తరగడం, వండటం, పిల్ల ఉమ్మేస్తే తుడవడం. ఆకుకూర అయితే ముందు ఒలవాలి. గోంగూర కట్ట విప్పి ఆకు ఆకు గిల్లి, పుచ్చులు తీసి, ఇసక పోయేదాకా నాలుగు నీళ్ళలో జాడించేసరికి ఎంతసేపు పడుతుందో ఒలిచినవాళ్ళకే తెలుసు. నీళ్ళు మోసుకొచ్చుకునే బస్తీలో ఆ నాలుగు నీళ్ళ ఖరీదు ఇంకా ఎక్కువ. పద్నాలుగు సార్లు పారబొయ్యడానికి సిద్ధపడితే పదిహేనోసారి పిల్ల తినవచ్చు. ఆ పద్నాలుగు సార్ల డబ్బు ఎవరి దగ్గర వుంది? బోస్టన్ ప్రాంతంలో కలిగినవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిసి మాట్లాడి కేట్లిన్ డేనియల్ అనే సామాజికశాస్త్ర పరిశోధకురాలు 2016లో ప్రచురించిన వ్యాసం నాకు చాలా ఇష్టం. తక్కువ ఆదాయం వున్న తల్లిదండ్రులు కూరగాయల విలువ తెలియక మానడం లేదు, పిల్ల వద్దంటే పారబొయ్యాల్సిన నష్టం భరించలేక, ఖాయంగా తినేదే కొంటున్నారు అని ఆమె తేల్చింది. ఇది బోస్టన్‌లో ఎంత నిజమో బోరబండలోనూ అంతే నిజం. మన ఇళ్ళకి వచ్చి మన పిల్లల కోసం క్యారెట్ పువ్వులు కోసి వెళ్ళే ఆమె, తన పిల్ల చేతిలో అయిదు రూపాయల చిప్స్ పొట్లం ఎందుకు పెడుతుందో తెలియక కాదు. ఆ పొట్లం వృథా కాదు, ఎవరూ వండక్కర్లేదు, ఆమె రెండో ఇంటి గిన్నెలు తోమి వచ్చేదాకా పిల్ల ఏడవకుండా వుంటుంది. ఆ పొట్లాన్ని మూలమూలకీ చేర్చిన కంపెనీలకి ఎవరూ ఎర్ర సిరాతో డైరీ రాయరు.

పక్కన పెద్దవాళ్ళు తింటూ కనపడాలన్న షరతు ఇంకా ఇబ్బందికరమైనది. ఎవరు ఆ పెద్దవాళ్ళు? మన ఇళ్ళల్లో ఏ కూర వండాలో నిర్ణయించేది వండే మనిషి కాదు. 'ఆయన కాకరకాయ ముట్టరు.' 'మా వారికి పప్పులో ఆకుకూర వేస్తే పడదు.' 'మా మావగారికి రోజూ వేపుడు వుండాలి.' అలా ఒక్కొక్క కూరా ఆ ఇంటి గడప దాటి వెళ్ళిపోతుంది. నలభై ఏళ్ళ మగవాడు సొరకాయ వద్దంటే అది అభిరుచి. నాలుగేళ్ళ పిల్ల వద్దంటే మొండితనం. ఆ పిల్ల అమ్మాయైతే ఇంకో మాట కూడా వినాలి. 'రేపు అత్తారింట్లో ఏది పెడితే అది తినాలి, ఇప్పటినుంచే అలవాటు చేసుకో.' అబ్బాయి వద్దంటే గుడ్డు వేయించి పెడతాం. అమ్మాయి వద్దంటే లోకం పోకడ చెబుతాం. ఇద్దరూ కాకరకాయ గురించి నేర్చుకునేది ఏమీ వుండదు. ఇంట్లో ఎవరి 'వద్దు'కి ఎంత బరువో మాత్రం బాగా నేర్చుకుంటారు.

2024 కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. అది కూడా ఆ పనిలో అసలు వేలు పెట్టిన మగవాళ్ళ సగటు. పెట్టనివాళ్ళు ఆ లెక్కలోకే రారు. 'అమ్మలూ, ఓపిక పట్టండి' అనే ప్రతి చిట్కా ఈ 289కి ఇంకో పది నిమిషాలు కలుపుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా బృందం 2001లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు స్త్రీలు గర్భంతో వున్న చివరి నెలల్లోనో, పాలిచ్చే మొదటి నెలల్లోనో క్యారెట్ రసం తాగారు. కొందరు మంచినీళ్ళే తాగారు. తర్వాత ఆ పిల్లలకి క్యారెట్ కలిపిన జావ పెడితే, తల్లి ద్వారా ఆ రుచి ముందే ఎరిగిన పిల్లలు మొహం తక్కువ చిట్లించారు. తల్లి తిన్నదాని రుచి ఉమ్మనీటిలోకీ పాలలోకీ వస్తుంది. అంటే పిల్ల తినే మొదటి కూర తల్లి కంచంలో వుంటుంది.

మరి ఆ కంచంలో ఏముంది? మన బాలింతల పథ్యం గుర్తు చేసుకోండి. ఇంటింటికీ, కులం కులానికీ కొంత మారుతుంది, కానీ మొత్తమ్మీద ధోరణి ఒకటే. వంకాయ వాతం, గుమ్మడికాయ చలవ, ఆకుకూర తింటే బిడ్డకి విరోచనాలు. వేడన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి. మహా అయితే బీరకాయో పొట్లకాయో. కొన్ని ఇళ్ళల్లో పాలు పడతాయని మునగాకు పెడతారు, అది అదృష్టం. పాల ద్వారా పిల్లకి రుచులు తెలియాల్సిన నెలల్లోనే తల్లి కంచంలోంచి రుచులు తీసేస్తాం. మూడేళ్ళ తర్వాత ఆ పిల్ల గుమ్మడికాయ ఉమ్మేస్తే తల్లినే పిలిచి అడుగుతాం. పథ్యం లేని రోజుల్లో మాత్రం ఆమె కంచం నిండుగా వుంటుందా? అందరికీ వడ్డించాక ఆమె కూర్చునే వేళకి కూర గిన్నెలో నూనే, తాలింపు గింజలే మిగిలే ఇళ్ళు ఇప్పటికీ ఎన్ని లేవు! పిల్ల వదిలేసిన ముద్ద, ఆయన వద్దన్న ముక్క ఆమె భోజనం. పైన చెప్పిన సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత అని వుంది. పిల్లల అంకె పక్కనే అచ్చయిన ఈ అంకెని స్త్రీల పేజీ ఎందుకు చూడదు?

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. మెనెల్లా అధ్యయనాన్ని రేపు ఇంకో చిట్కాగా మార్చేస్తారు. 'కాబోయే అమ్మలూ, మీ బిడ్డ కోసం క్యారెట్ రసం తాగండి' అంటారు. పిల్ల కోసం తినమనడం, తినకపోతే అదీ తప్పుగా రాసుకోవడం. ఆ స్త్రీ తన కోసం తినకూడదా? ఆమె ఆకలి ఆమెది కాదా? బిడ్డని మోసే పాత్రగా తప్ప ఆమె కంచాన్ని చూడలేని పోషకాహారశాస్త్రం నాకు అక్కర్లేదు. తెలిసో తెలియకో ఒక ప్రభుత్వ పథకం ఈ విషయాన్ని ఒప్పుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఇందిరమ్మ అమృతహస్తంగా మొదలై, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి అయిన పథకంలో గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలోనే కూచోబెట్టి ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. సరుకులు ఇంటికి ఇస్తే ఇంటిల్లిపాదికీ పంచి ఆమె చివర మిగులుతుంది కనక ఈ ఏర్పాటు. ఒక ఆడమనిషి కడుపు నిండా కూర తినాలంటే ఇల్లు దాటి బయటికి రావాలని రాజ్యమే రాసి పెట్టింది. దీని మీద మన కుటుంబవ్యవస్థ అభిమానులు ఏమంటారో వినాలని వుంది.

ఆ కూర ఎక్కడినుంచి వచ్చేదన్నది కూడా మాట్లాడాలి. ఆకుకూర అంటే బండి మీద కట్టకింత అని అమ్మేదే అనుకునేవాళ్ళకి, కొని తెచ్చే పని లేకుండానే ఆకుకూర తిన్న కాలం ఒకటుందని గుర్తు చెయ్యాలి. చేలో కలుపు తియ్యడానికి వెళ్ళిన కూలి ఆడవాళ్ళు సాయంత్రం కొంగులో గంగవాయిలి, దొగ్గలి, తుమ్మికూర, చెంచలికూర, గునుగు, పొన్నగంటి తెచ్చుకునేవారు. వ్యవసాయశాఖ పుస్తకంలో కలుపు అని రాసినదాన్ని ఆమె కూర అని పిలిచేది. కూలి డబ్బులు రావడం ఆలస్యమైనా ఆ పూటకి పిల్లల అన్నంలోకి పచ్చటి పప్పు వచ్చేది. ఏ ఆకు లేతగా తినాలి, ఏది పులుసుకి, ఏది పిల్లలకి పడదు అన్న చదువంతా వాళ్ళ దగ్గర వుండేది. ఆ చదువుకి పట్టా లేదు. జహీరాబాద్ చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు చిరుధాన్యాల పంటల మధ్య పెరిగే ఇలాంటి ఆకుల్ని పదుల సంఖ్యలో పేరుపేరునా చెప్పగలరు. ఆ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి దారి బహుమతిదే, ఊళ్ళో దారి ఊళ్ళోదే. పత్తి వచ్చింది, వెంట గడ్డిమందు వచ్చింది. ఒక్క పిచికారీతో ఆడవాళ్ళ కలుపు కూలీ పోయింది, కూరా పోయింది. పురుగుమందు కొట్టిన చేలో మిగిలిన ఆకు కోసుకోవాలన్నా భయం. ఆ ఊరి పిల్లలకి ఆకుకూర అలవాటు చెయ్యండని చెప్పడానికి పట్నం నుంచి రంగురంగుల పోస్టర్లు వస్తాయి. పోస్టర్ మీద తల్లి బొమ్మ, ఆమె చేతిలో బుట్ట, బుట్టలో బ్రకోలీ.

1920ల్లో అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అప్పుడే పాలు మానిన పిల్లల ముందు రకరకాల తిండి పెట్టి ఏది కావాలంటే అది తినమని వదిలేసింది. పక్కన కూర్చున్న నర్సులు 'ఇది తిను' అనకూడదు, తినలేదని మొహం ముడుచుకోకూడదు. పిల్లలు చక్కగా ఎదిగారు. పిల్లల శరీరానికే అన్నీ తెలుసని చాలామంది దీన్ని ఉదహరిస్తారు. డేవిస్ చెప్పింది మాత్రం వేరు. కిటుకంతా ఆ జాబితాలో వుంది అంది. పిల్లల ముందు పెట్టిన 34 పదార్థాల్లో ఒక్క పనికిరానిది లేదు. కూరగాయలు, పళ్ళు, గుడ్లు, మాంసం, పాలు, ధాన్యం, అన్నీ శుభ్రమైనవి. ఏం ముందు పెట్టాలన్నది పెద్దల బాధ్యత, ఎంత తినాలన్నది పిల్ల ఇష్టం. (ఆ పిల్లలు పెంచే స్తోమత లేని తల్లుల పిల్లలు. ప్రయోగం గురించి రాసేవాళ్ళకి ఆ తల్లులు గుర్తుండరు.)

మన పిల్లల ముందు ఆ జాబితా పెట్టాల్సిన పెద్దలెవరు? 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం ఆ పని తనది కూడా అని ఒప్పుకుంది. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అక్కడ వేడి భోజనం పెట్టాలి. దానికి 2017లో సవరించిన లెక్క ప్రకారం ఒక్కో పిల్లకి రోజుకి 8 రూపాయలు. ఖర్చుల లెక్క పెంచుతామని 2025 బడ్జెట్ ప్రసంగంలో అన్నారు. రాష్ట్రాలు తమ వంతు కలిపి గుడ్డు, పాలు ఇస్తున్న మాట నిజమే. కానీ మార్కెట్‌లో టమాటా మండిన వారం ఆ 8 రూపాయల్లో కూరకి ఎంత మిగులుతుంది? ముందు సొంత డబ్బు పెట్టి కూరగాయలు కొని, బిల్లుల కోసం నెలలు ఎదురుచూశామని అంగన్‌వాడీ టీచర్లు ఎన్నో ధర్నాల్లో చెప్పారు.

ఆ టీచర్ కూడా ఆడమనిషే. నిజానికి పిల్లలకి కూర అలవాటు చెయ్యడానికి శాస్త్రం చెప్పిన మంచి చోటు ఆమె దగ్గరే వుంది. పదిమంది పిల్లలు ఒకే వరసలో కూచుని అదే పప్పు తింటుంటే, ఇంట్లో ముట్టని పిల్ల కూడా పక్క పిల్లని చూసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. అక్కడ పెద్దగా బతిమాలే పని వుండదు. అంత విలువైన పని చేసే మనిషిని ప్రభుత్వం ఉద్యోగి అనదు, గౌరవ కార్యకర్త అంటుంది. 2018 అక్టోబర్ నుంచి కేంద్రం టీచర్‌కి ఇచ్చే గౌరవవేతనాన్ని నెలకి 4,500 రూపాయలు చేసింది, ఆయాకి 2,250. ఆ పైన రాష్ట్రం ఏం కలిపితే అది. తల్లి చేసేది ప్రేమ కనక జీతం లేదు, టీచర్ చేసేది సేవ కనక గౌరవం చాలు. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు వుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. వంట, బరువులు తూచడం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపడం, సర్వేలు, ఇంటింటికీ తిరగడం అన్నీ అయ్యాక, 'పిల్లలకి ఆకుకూరలు ఆకర్షణీయంగా ఎలా వడ్డించాలి' అని వాళ్ళకి శిక్షణ కూడా ఇస్తారు.

2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ టీచర్లూ ఆయాలూ వేతనం పెంచమనీ, గ్రాట్యుటీ ఇమ్మనీ సమ్మెకి దిగారు. 42 రోజులు చేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా పెట్టింది. ఆ సమ్మె రోజుల్లో చాలాచోట్ల గ్రామ సచివాలయ సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు పగలగొట్టి తెరిపించారు. లోపల బియ్యం వున్నాయి, పప్పు వుంది, గిన్నెలున్నాయి. పిల్లల్ని వరసగా కూచోబెట్టి, తోటకూర పప్పు కలిపిన ముద్దని పదోసారి కూడా విసుక్కోకుండా ముందు పెట్టి, తింటే తిననీ లేకపోతే లేదని పక్కన కూచోగల మనిషి మాత్రం లోపల లేదు. ఆమె కలెక్టరాఫీసు ముందు టెంటు కింద కూచుని వుంది.